అయిదింటికల్లా ఇంటికెళ్ళే అక్క

మొన్న బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి నా సెల్లుకి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "అక్క నిద్రించింది." పంపింది ఆవిడ చెల్లెలు. నేనప్పుడు మంగళగిరి ఆఫీసులో, పొద్దున్నించీ తెగని ఒక ప్రోగ్రాంలో తల దూర్చి ఉన్నాను. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఏమనుకోకండి. నాకు మొదట తట్టింది, "అబ్బ, పనిరోజు పట్టపగలు నిద్రా! పెట్టి పుట్టింది మహాతల్లి" అని. కుళ్ళుకున్నాను. మామూలు నిద్రనైతే మనం పడుకుంది అంటాం గానీ నిద్రించింది అనమని గుర్తుకు రావడానికి ఓ నిమిషం పట్టింది. వాళ్ళ చర్చివాళ్ళు చావుకి అనే మాట అది. గుండెపోటు. నలభై నాలుగేళ్ళు కూడా నిండలేదు.

ఆవిడ నాకు బంధువు కాదు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని జనం హడలిపోతున్న రోజుల్లో, గుంటూరులో నాలుగు కంప్యూటర్లున్న ఆఫీసులో చేరాను. కోల్డ్ స్టోరేజీలకి ప్రోగ్రాములు రాసేవాళ్ళం. అప్పటికే అక్కడ పనిచేస్తున్న సీనియరు ఆవిడ. అందరికీ అక్క, నాకూ అక్కే. పక్క పక్క కుర్చీలు.

నేను పొద్దున ఎనిమిదింటికి వచ్చి రాత్రి తొమ్మిదింటి దాకా ఉండేవాణ్ణి. ఆవిడ తొమ్మిదిన్నరకి వచ్చి అయిదింటికల్లా చెప్పులేసుకునేది. వారం తిరిగేసరికి నా పని సగంలో ఉండేది, ఆవిడది అయిపోయేది. ఒళ్ళు మండకుండా ఎట్లా ఉంటుందో చెప్పండి!

రాగానే ఫోను రిసీవరు తీసి బల్ల మీద పడుకోబెట్టేది. పదకొండింటి దాకా అది అట్లాగే. ప్రొప్రైటరు గారు గొణిగినా వినేది కాదు. కంప్యూటరు ముట్టుకోకుండా ముందు తెల్లకాగితం మీద తెలుగులో రాసుకునేది: రైతు వస్తాడు, చీటీ ఇస్తాడు, మనం ఇది చూస్తాం, అది చెబుతాం. "తెలుగులో నాకు నేను చెప్పుకోలేనిది దానికేం చెబుతాను తమ్ముడూ?" అనేది. సాయంత్రం లేచేముందు, చేస్తున్న పనిని కావాలని మధ్యలో వదిలి, రేపు ఎక్కడ మొదలెట్టాలో ఒక్క ముక్క రాసి పెట్టేది. పొద్దున్నే నేను నిన్న ఏం చేశానో వెతుక్కుంటుంటే, ఆవిడ చకచకా టైపు కొట్టుకుంటూ పోయేది. నేను రాత్రి దాకా ఉన్నానని గొప్పలు పోతే ఒకటే మాట: "కూర్చున్న గంటలకే అయితే జీతం కుర్చీకివ్వాలి."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, లోపల కుతకుతలాడుతూ.

ఒక కోల్డ్ స్టోరేజీలో రైతు పేరు కొడితే అతని టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఏ గదిలో ఉన్నాయో చెప్పే ప్రోగ్రాం నాకిచ్చారు. మూడు వారాలు చచ్చీ చెడీ రాశాను. తీసుకెళ్ళి చూపిస్తే, వెంకటేశ్వర్లు అని కొట్టగానే తెర నిండా వెంకటేశ్వర్లే. ఇంటిపేరూ అదే, ఊరూ అదే. గేటు బయట లారీ హారన్ మోగుతోంది.

మర్నాడు అక్క వెళ్ళింది. హమాలీల మేస్త్రి పక్కన స్టూలేసుకుని పూటంతా కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. "రైతొస్తే ముందేం అడుగుతావు బాబాయ్?" అంది.

"పేరెవడడుగుతాడమ్మా, పిచ్చి గానీ! నీ గుర్తేందయ్యా అంటా. నీలం చుక్క, రెండు గీతలు అంటాడు. బస్తా మీద రంగుతో ఏసుంటది గదా."

వచ్చి నా ప్రోగ్రాంలో గుర్తుకి ఒక గడి పెట్టించింది. సాయంత్రం అయిదు కాకుండానే పని అయిపోయింది. "నీ మూడు వారాలు ఎక్కడికీ పోలేదు, ఒక్క గడి తక్కువైంది అంతే" అని ప్రొప్రైటరు గారి ముందు నన్నే మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు నాకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

అయిదింటి తర్వాత ఏం చేస్తుందో తెలుసుకోవాలని తెగ ఆరాటం. ఎవరికైనా దొంగచాటుగా ప్రోగ్రాములు రాస్తోందేమోనని కూడా అనుకున్నాను. అడిగితే, "ఏం చెయ్యను, ఊరికే ఉంటా" అంది. ఊరికే ఉండటమట! నాకది అన్నిటికంటే పెద్ద కుళ్ళు.

తర్వాత మంగళగిరిలో ఆఫీసు తెరుస్తూ, అక్కడ పెద్దగా ఎవరిని పెట్టాలని ప్రొప్రైటరు గారు నన్ను విడిగా పిలిచి అడిగారు. ఆవిడ పేరు చెప్పాలి. చెప్పలేదు. "అక్క మంచిదేనండి, అయితే గడియారం చూసుకుని పనిచేస్తుంది. రేపు ఏదైనా అవసరం పడితే ఉండదు" అన్నాను. సీటు నాకొచ్చింది.

ఆ సాయంత్రం అక్క సంచీ తగిలించుకుంటూ అడిగింది. "నేను అయిదింటికే పోతానని నువ్వే చెప్పావంటగా?"

"అది కాదక్కా, అక్కడ..." అంటూ బల్ల మీద కాగితాలు సర్దాను.

"నిజమేగా, దానికి నీళ్ళు నమలడం దేనికి?" అని నవ్వి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టున్నా బాగుండేది. తప్పయిందక్కా అని చెప్పడానికి ఈసారి, వచ్చే పండక్కి, ఈ ప్రాజెక్టు కాగానే అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. తీరిక లేదు మరి నాకు.

భూస్థాపనకి వెనక నిలబడి వచ్చేశాను. ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక అయిన మర్నాడు, ఉద్యోగంలో చేరాక మొదటిసారి సాయంత్రం నాలుగింటికే ఆఫీసులోంచి లేచి, బస్సెక్కి గుంటూరులో వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో క్యారమ్స్ బోర్డు. చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు, యార్డులో మిర్చి తొడిమలు తీసి అట్నుంచటే వచ్చినవాళ్ళు. రోజూ ఈ వేళకి అక్కతో ఆడేవాళ్ళట. బోర్డు తీసెయ్యొద్దని చెల్లెలే చెప్పిందట.

వాళ్ళలో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. "మంగళగిరి తమ్ముడివి నువ్వేనా? అక్క చెప్పేది. మా తమ్ముడికి నాకంటే బుర్రెక్కువ, ఇంటికెళ్ళటమొక్కటే చేతగాదు అని."

"నేనావిడకి అన్యాయం చేశానండి" అనేశాను.

"అదీ చెప్పింది. కూర్చో, నలుగురం కావాలి."

కూర్చున్నాను. ఆట రాదు. స్ట్రైకరు పట్టుకున్న చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. "ఓరి నాయనో, కళ్ళు ముట్టుకోమాకయ్యా, మా చేతుల కారమంతా దానికే ఉంటది!" అని ముగ్గురూ ఒక్కసారే కేకేశారు. అప్పటికే ధారలు కట్టాయి. ఇంకా బోలెడు వెలుతురుంది. పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని, గురి ఎటు పెట్టాలో చూపిస్తోంది.