ఏదీ గుర్తుంచుకోని కారు కంప్యూటర్

మా పాత కారులోకి నేనే ఒక కంప్యూటర్ తయారుచేసుకున్నాను. అరచేతిలో పట్టే బోర్డు, చిన్న తెర, ఒక మైకు. బోర్డును అమ్మ పక్కన పడేసిన పోపులడబ్బాలో బిగించాను. పాటలు వినడానికనీ, దారి చూసుకోవడానికనీ అందరికీ చెప్పాను గానీ అసలు పని వేరు. మా నాన్న పాడే మేలుకొలుపును రికార్డు చేయాలి.

గుడిలో తెల్లవారుజామున పాడే ఆ పాట మా ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మా నాన్నకు కొడుకులు లేరు, నేనొక్కదాన్నే. పాట ఎక్కడా రాసి లేదు. ఎదురుగా ఫోన్ పెడితే ఆయన నోరు విప్పడు. కారు హైవే ఎక్కితే మాత్రం తనంతట తనే ఎత్తుకుంటాడు.

విజయనగరంలో పిల్లలకు కంప్యూటర్లు చెప్పేదాన్ని, ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకోవడం నాకో లెక్కా అనుకున్నాను. ముందు విండోస్ వేశాను. అది ఒళ్లు విరుచుకుని లేచేసరికి పాట సగమయ్యేది. పైగా మా ఇంట్లో బండి నిలిస్తే ఇంజిన్ ఆగాల్సిందే. టీకొట్టు, దారి పక్క అమ్మవారు, రైలు గేటు, ఎక్కడైనా సరే, "ఇంజినాపు, పెట్రోలు ఊరికే వస్తాదేటి?" అంటాడు నాన్న. అలా కరెంటు పుటుక్కున పోతుంటే పాపం విండోస్ నెల తిరక్కుండానే పాడైంది. ఆండ్రాయిడ్ పెట్టమని మా బావ ఒకటే పోరు. పెట్టాను. నాన్న రాగం మధ్యలో, ఎవరిదో పుట్టినరోజని టింగుమంది, ఆయన పాట ఆపేశాడు.

చివరికి లినక్స్ వేసి, డిస్కు మీద ఏమీ రాయకుండా కట్టడి చేశాను. ఎన్నిసార్లు ఇంజిన్ ఆపినా చెక్కుచెదరదు. వెనకటిదేదీ గుర్తులేకుండా ప్రతిసారీ కొత్తగా లేస్తుంది. పాట రికార్డయితే, ఇంజిన్ ఆపేముందు ఒక బటన్ నొక్కి పెన్‌డ్రైవ్‌లోకి పంపాలి, లేదంటే చెరిగిపోతుంది, అంతే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కిందటి నెల కోటబొమ్మాళి వెళ్తుంటే, నరసన్నపేట దాటగానే నాన్న అందుకున్నాడు. ఒక్క చరణం వదలకుండా చివరిదాకా పాడాడు. నేను ఊపిరి బిగబట్టి నడిపాను. హైవే దిగగానే ముందు రైలు గేటు పడింది. బండి నిలిపాను, అలవాటు కొద్దీ ఇంజిన్ ఆపేశాను. తెర నల్లబడ్డాక గానీ ఏం చేశానో తెలియలేదు.

స్టీరింగ్ మీద గట్టిగా కొట్టాను. ఏడుపొచ్చేసింది.

"ఏటైందే?" అన్నాడు నాన్న. జరిగిందంతా చెప్పాను.

"దానికి ఇంత యాతనేటి? నేర్పమని నన్నోసారి అడిగితే సరిపోయేది కదా."

"ఆడపిల్లకి నేర్పుతానని నువ్వెప్పుడన్నా సెప్పావేటి?"

రైలు వచ్చి పోయింది. గేటు లేచింది. వెనక బళ్లవాళ్లు హారన్లు మొదలెట్టారు. నేను బండి తీశాను.

"అద్దాలెత్తెయ్యి, హోరుగా ఉన్నాది" అన్నాడు. ఎత్తాను. మొదటి మాట ఒక్కటే పాడి ఆగి, నా వైపు చూశాడు.

"ఊఁ, అను."