రెండు పొరల మధ్య జుమా

సమస్త స్తుతి అల్లాహ్‌కే. మూసిన తలుపు వెనుక ఉన్నవాడి మొర కూడా వినేవాడు ఆయన.

తొంభైల చివర కొత్తకోటలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. దుమ్ము పడుతుందని కిటికీలు తెరవని మేడమీది గది. అది రంజాన్ నెలలో శుక్రవారం, నేను రోజా (ఉపవాసం) ఉన్నాను. ఆడపిల్లల బడి పెద్దసారు పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా కోసం వచ్చి, తలుపు దగ్గరే కుర్చీ వేసుకున్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు పోయే బస్సులో జాబితా మహబూబ్‌నగర్ చేరకపోతే ఆ పిల్లలకు ఈసారి పరీక్ష లేదు. అందులో మా చెల్లె ఉంది. మా ఇంట్లో పది దాకా చదివిన మొదటి ఆడపిల్ల.

వేరే రకం యంత్రాల కోసం రాసిన ప్రోగ్రాములు మా కంప్యూటర్‌లో నడవాలంటే మధ్యలో దుబాసీలా పనిచేసే ఒక పొర కావాలి; మా దగ్గర పాతదీ కొత్తదీ రెండు పొరలున్నాయి. పేర్లను వరుసపెట్టే ప్రోగ్రాం పాత పొర మీద నడిచి, కొత్త పొర మీద నడిచే ముద్రణ ప్రోగ్రాంను లేపాలి. లేపుతోంది, అది లేవడం లేదు. తప్పేమిటో కూడా చెప్పడం లేదు. నల్లటి తెర, మిణుకుమనే గీత. మూడుసార్లు ఆపి మళ్లీ మొదలుపెట్టాను.

“ఏం భాయ్, కంప్యూటర్ గూడ రోజా ఉన్నదా? పలుకుతలేదు,” అన్నాడు సెంటర్ యజమాని.

“నవ్వులాట గాదు,” అన్నారు పెద్దసారు. “తమ్మీ, పొద్దున నీ చెల్లె అడిగింది, సార్ నా పేరు మహబూబ్‌నగర్‌కు పోయిందా అని. ఏం జెప్పాలె?”

కింద వీధి మసీదులో జుమాకు, అంటే శుక్రవారం అందరూ కలిసి చేసే నమాజుకు, అజాన్ అయింది.

“సార్, జర నమాజుకు పోయొస్త.”

“నువ్వు పోతె బస్సు గూడ పోతది.”

కుర్చీ తలుపు దగ్గర నుంచి కదల్లేదు.

తప్పు నాదే. రెండు పొరలూ ఉంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయనీ, రెండు ప్రోగ్రాములకూ కొత్త పొర ఒక్కటే చాలనీ దాన్ని అమ్మినవాళ్లు ముందే చెప్పారు. చిరిగిన ఖురాన్ పుటను కూడా పారేయని ఇంట్లో పెరిగిన నాకు, పాతదాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. చిరిగిన పుటలను ఆమె పారేయదు, అలాగని చదివే పీట మీదా ఉంచదు. గుడ్డ సంచిలో కట్టి అటక మీద పెడుతుంది. పాత పొరను ఫ్లాపీలోకి ఎక్కించి, కంప్యూటర్‌లోంచి తీసేసి, రెండు ప్రోగ్రాములనూ కొత్త పొర మీదే నడిపాను.

ప్రింటర్ కీచుమంది. చెల్లె పేరు కాగితం మీద పడుతుండగా కింద ఇమామ్ నమాజు ముగిస్తూ సలాం చెప్పడం వినిపించింది. అందరూ కలిసి చేసే జమాత్ అయిపోయింది.

“ఇగ పో తమ్మీ నమాజుకు,” అంటూ పెద్దసారు మెట్లు దిగారు.

జుమా ఒంటరిగా చదవడానికి లేదు కనుక, ఆ గదిలోనే రోజువారీ మధ్యాహ్న నమాజు జుహర్ చదివాను. చెల్లె పరీక్ష రాసింది. ఆ జుమా మాత్రం ఇప్పటికీ తీరని బాకీలా నా మెడ మీద ఉంది. చదివే మీరు నాతోపాటు ఒక్కసారి చేతులెత్తండి: యా అల్లాహ్, రాలేక ఆగిపోయినవాళ్లను కూడా నీ వరుసలో నిలబెట్టు.