అయిపోయిందన్నాక తీసిన ఫొటో

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బాపు పగలగొట్టమన్న గాజుపలకను నేను పగలగొట్టలేదు. ఎనిమిదేండ్లుగా అది నా సందూకు అడుగున, డైరీల కింద, పాత చీరముక్కలో చుట్టి ఉంది. ఈ ఉదయం అక్క కోసం చీర తీస్తుంటే చల్లగా వేళ్లకు తగిలింది. వెంటనే బందరు వీరాస్వామి గారి చేతుల నుంచి వచ్చే మందునీళ్ల పుల్లటి వాసన గుర్తుకొచ్చింది.

అక్క పెండ్లికి ఫొటోలు తీయడానికి వచ్చారాయన. నల్లగొండలో ఒక గది కిరాయికి తీసుకుని, పిలిచిన ఊరికల్లా మూడుకాళ్ల కెమెరాను బండిలో వేసుకుని వెళ్లేవారు. సన్నగా, ఎండకు కమిలిన మనిషి. మోత్కూరు దాటి మా ఊరొచ్చేసరికి దుమ్ముకొట్టుకుపోయి ఉన్నా, ముందు కెమెరాను తుడిచి ఆ తర్వాతే ముఖం కడుక్కున్నారు. ఆయన నల్లగుడ్డలో తల పెట్టగానే మా అవ్వ ఊరుకోలేదు.

"ఓ అయ్యా, గా గుడ్డల తలకాయ వెట్టి ఏం జూస్తున్నవ్?"

"మిమ్మల్నేనండి. ఇందులో అందరూ తలకిందులుగా కనిపిస్తారు."

"నీ ఇల్లు బంగారంగాను! ముసలిదాన్ని పెండ్లిల తలకిందులు జేస్తవా?"

పందిరంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. గుడ్డలోంచి బయటికొచ్చి, నొక్కితే ఫొటో పడే రబ్బరు బుడ్డి ఉన్న చేతిని వెనక్కి పెట్టుకుని "కదలకండి" అన్నారు. అందరూ ఊపిరి బిగబట్టి కొయ్యల్లా నిలబడ్డారు. కాసేపాగి "అయిపోయిందండి" అన్నారు. భుజాలు కిందికి దిగాయి. అక్క ముక్కుమీది చెమట తుడుచుకుంది, అవ్వ వంగి ఆమె పాపిటబొట్టు సరిచేసింది. అప్పుడు ముడుచుకుంది ఆయన పిడికిలి. జనంలోకి రాలేక గుంజ చాటున నిలబడ్డాను కనుక అది నాకొక్కదానికే కనిపించింది.

బావి దగ్గర నీళ్లు పోస్తూ, కొత్తవాళ్లతో మాట్లాడని నేను ఎలాగో అడిగాను. "అయిపోయిందని అబద్ధమెందుకు చెప్తరు?"

ఆయన దోసిట్లో నీళ్లు అలాగే ఉండిపోయాయి. "మా నాన్నది ఉప్పుమడుల్లో కూలిపనమ్మా. అమ్మా వెళ్లేది. దొరగారెవరో వచ్చి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీశారు. కదలొద్దన్నారని గుడ్లప్పగించి కూర్చుంది. ఆమె పోయాక అదొక్కటే మిగిలింది. చూస్తే మా అమ్మ కాదు. మా అమ్మ అట్లా ఒక్క నిమిషం కూర్చున్న మనిషి కాదండి."

మాకు అమ్మ లేదు. కన్యాదానం చిన్నాయన, చిన్నమ్మ చేసినా ఒప్పగింతలు తానే పెడతానన్నాడు బాపు. బాపు ఊరికి శిస్తు వసూలు చేసే మాలీపటేలు. ఆయన గొంతు వింటే పశులకాపరులు కూడా లేచి నిలబడేవాళ్లు. పళ్లెంలోని పాలలో అక్క చేతులు ముంచి, వాళ్ల అత్తమామల చేతుల్లో పెట్టి "ఇగ మీ బిడ్డ" అన్నాడు. అంతే. అక్క వెక్కివెక్కి ఏడుస్తూ ఒక్కసారి తలెత్తి చూసింది. బాపు ముఖం రాయిలా ఉంది.

"అయిపోయిందండి" అన్నారు వీరాస్వామి గారు. అందరూ అక్కను బండి దగ్గరికి నడిపించారు. కెమెరా పక్కన వీరాస్వామి గారు, గుంజ చాటున నేను తప్ప పందిట్లో బాపు ఒక్కడే మిగిలాడు. పళ్లెం ముందు కూలబడి, అక్క చేతులు మునిగిన ఆ పాలలోనే తన రెండు చేతులూ పెట్టుకున్నాడు. ముఖం పైకెత్తి, నోరు తెరిచి, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

మర్నాడు కిటికీలేని వడ్లకొట్టులో వీరాస్వామి గారు పలకలు కడిగారు. నీళ్లు అందించేది నేనే. "తలుపు తీయకండమ్మా, వెలుతురు తగిలితే పోతుంది" అని పదిసార్లు చెప్పారు. ఎర్రగుడ్డ చుట్టిన లాంతరు ముందు ఆయన పైకెత్తిన పలకలో పాలపళ్లెం ముందు కూలబడ్డ బాపు కనిపించాడు.

ఆ పలక కింద కాగితం ఉంచి, ఎండలో పెట్టి తీసిన ఫొటోను బాపు చాలాసేపు చూశాడు. తర్వాత నాలుగు ముక్కలు చేశాడు.

"గీ ఫొటో ఊర్ల ఒక్కడు జూస్తే రేపు నా మాట ఇంటరా? ఆ గాజు గూడ పగలగొట్టు."

"అది నా చేతుల్తో కాదండి. మీ ఇంటిది, మీరే చేసుకోండి" అని ఆయన దాన్ని పక్కనున్న నా చేతిలో పెట్టారు.

"పో, గోడవతల పగలగొట్టి పెంటల పారెయ్" అన్నాడు బాపు నాతో.

గోడవతల, ఉతికిన బట్టల గంప పక్కన, వీరాస్వామి గారు పారేసిన చెడిపోయిన పలక ఒకటి పడి ఉంది. రాయి తీసుకుని దాన్ని పగలగొట్టాను. చప్పుడు బాపుకు వినిపించింది. అసలు పలకను బట్టల గంపలో దాచి ఇంట్లోకి తెచ్చుకున్నాను. బాపుకు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే, అదీ నోటితో కాదు.

ఆనాటి నుంచి నా డైరీలో మనుషులు నలుగురి ముందు అన్న మాటలు తక్కువ. ఇక అయిపోయిందనుకుని వాళ్లు పక్కకు తిరిగాక ఏం చేస్తారో అదే రాసుకుంటూ వచ్చాను. రాసినవేవీ ఎవరికీ చూపించలేదు.

మొన్న ఎండకాలం బాపు పోయాడు. మాసికానికి వచ్చిన అక్క నిన్న పొయ్యి దగ్గర కూర్చుని అన్నది. "నన్ను తోలిచ్చిన నాడు బాపు కండ్లల్ల సుక్క నీళ్లు రాలేదే. పీడ వోయిందన్నట్టు జూసిండు. పోయినోన్ని అనొద్దు గని, నా పాణం ఇంకా గక్కడ్నే ఉన్నది." నేను ఎప్పటిలాగే కట్టెలు ఎగదోస్తూ ఉండిపోయాను. బాపు మాట ఒక చేతిలో, అక్క మాట ఒక చేతిలో పెట్టుకుని రాత్రంతా కూర్చున్నట్టుంది.

ఇప్పుడు అక్క వాకిట్లో తల ఆరబెట్టుకుంటున్నది. నల్లగుడ్డ మీద ఆనించి వాలుగా పట్టుకుంటే కాగితం లేకున్నా గాజులోనే ముఖం తేటగా కనబడుతుందని వీరాస్వామి గారు నేర్పారు. పలకతో పాటు నా నల్ల రవికె ఒకటి తీసుకుని గడప దాకా వచ్చాను. కాళ్లు ఆగాయి.

ఆ రోజు వీరాస్వామి గారు బండెక్కుతూ నన్ను దగ్గరికి పిలిచారు. గోడవతలి చప్పుడు ఏ పలకదో ఆయనకు తెలుసు. కెమెరా పెట్టెను ఒళ్లో సర్దుకుని, చిన్న గొంతుతో అన్నారు.

"కడిగి ఆరబెట్టేశాం కదమ్మా, ఇక దానికి వెలుతురంటే భయం లేదు. ఎప్పుడైనా చూపించొచ్చు."