ఓటెయ్యనోళ్ళకే ముందు వడ్డన

మా కమలత్తకి ఎడమ కన్ను మసకేసి ఏడాది కావస్తోంది. కుడిది కూడా అదే దారి పట్టింది. కాలం చేసిన మా పాత ఎమ్మెల్యే గారి పేరున ఆయన పిల్లలు నడిపే ఫౌండేషన్‌లో శుక్లాల ఆపరేషన్ ఉచితంగా చేయిస్తారని తెలిసి ఎంత బతిమాలినా అత్త కదల్లేదు. ఆయన నిలబడ్డ ప్రతిసారీ ఆవిడ అవతలి పార్టీకే ఓటేసింది. పైగా ఒక ఎండాకాలం ఆయన ప్రచారానికొచ్చి గుమ్మంలో మంచినీళ్ళడిగితే మొహం మీదే తలుపేసింది. "ఇప్పుడు ఏ మొగం పెట్టుకోని పొయ్యేది అబ్బయా?" అనేది. మొన్న పొయ్యి మీది గిన్నె కనపడక చెయ్యి కాల్చుకున్నాక గానీ ఒప్పుకోలేదు. అదీ ఓటు మాట నేను ఎత్తకూడదన్న షరతు మీద.

పొద్దున ఎనిమిదికి చిల్లకూరులో బస్సెక్కి, హైవే మీద వెంకటాచలంలో దిగి, ముత్తుకూరు అవతలికి మూడొందలకి ఆటో మాట్లాడుకున్నాం. పోర్టు లారీల దుమ్ముకి అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఎక్కడికో చెప్పగానే డ్రైవరన్న, "అన్నం టయానికే పోతుండారు. ఆడ ముందు భోజనం, ఆ తర్వాతే డాక్టరు" అన్నాడు. ముత్తుకూరు దాటాక ఉప్పుగాలి తగిలింది. అత్త నా చెయ్యి పట్టుకుని మళ్ళీ వదల్లేదు.

సముద్రానికి కాస్త ఇవతల, రేకుల షెడ్డు పక్కన ఆ భవనం. విగ్రహం లేదు, గోడకి ఆయన ఫోటో ఒకటి, అంతే. చేపల పులుసు వాసనకి నా ఆకలి రెట్టింపయింది. విస్తళ్ళు వేశాక వంటామె శేషమ్మక్క గరిటె ఎత్తి, "అయ్యకి ఓటెయ్యనోళ్ళు ముందు వరసకి రాండి!" అని కేకేసింది. అత్త ఉలిక్కిపడి, "చెప్పేసినావా?" అని నా తొడ గిల్లింది. శేషమ్మక్క నవ్వి, "ఇది అయ్య పెట్టిన పద్ధతేమ్మా. ఓటేసినోళ్ళు మనోళ్ళు, రోంత ఆగతారు. ఎయ్యనోళ్ళు ఆకలితో పోకూడదు అనేవాడు" అంది. ఈలోగా జనమంతా ముందు వరస మీద పడ్డారు. చూడబోతే ఆయనకి ఓటేసినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు, మరి ఎలా గెలిచాడో!

అత్తకి ఒళ్ళు మండింది. "వీళ్ళవన్నీ అబద్ధాలు! నిజంగా ఎయ్యనిదాన్ని నేనే. నీళ్ళడిగితే తలుపేసినా కూడా!" అంది గట్టిగా. శేషమ్మక్క వచ్చి చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టి, పులుసులోంచి తలకాయ ముక్క ఏరి వేసింది. అత్త వేళ్ళు నాక్కుంటూ తినింది. ఆ తర్వాత డాక్టరు గారు చూసి, వచ్చే బుధవారం ఆపరేషన్ అన్నారు. నాకు గుండెల మీంచి బరువు దిగింది.

రాజకీయ నాయకుల పేరు మీద వెలిసేవన్నీ ఫ్లెక్సీల కోసమేనని వాదించే మనిషిని నేను. ఇక్కడ మాత్రం ఆయన మర్యాద ఆయన పోయాక కూడా మనుషులకి అన్నం పెడుతోంది. వెళ్ళాలనుకునేవాళ్ళు పదకొండున్నరకల్లా చేరుకోండి, ఆధార్ కార్డు మరిచిపోకండి, ఓటు సంగతి అడిగితే నిజమే చెప్పండి. బయల్దేరబోతూ అత్త ఒక గ్లాసు మంచినీళ్ళు తెమ్మంది. దాహమేమో అనుకున్నాను. గోడ తడుముకుంటూ ఫోటో కిందికి వెళ్ళి, గ్లాసు అక్కడ పెట్టి, "ఆలస్యమైపోయింది, తాగు నాయనా" అంది.