కువైట్ చేరి ఇల్లు చేరని కబురు

కరోనా తర్వాత బడులు తెరిచిన రెండో ఏడాది అది. మండపేటకి నాలుగు మైళ్ల దూరంలో, కాలవ గట్టు మీద మా చర్చి వాళ్ల ఎలిమెంటరీ స్కూలు. ఐదు తరగతులు, ముగ్గురు టీచర్లు, అటెండర్ని నేను. ముప్పయ్యొక్క ఏళ్లు అక్కడ గంట కొట్టాను. చదివింది మూడో తరగతి. మిగతా చదువంతా ఆ గుమ్మంలో నిలబడి లోపల చెప్పేది విని, సర్క్యులర్లు కూడబలుక్కుని నేర్చుకున్నదే.

అటెండరంటే గదులు ఊడ్చేవాడనుకుంటారు జనం. అసలు పని నోటీసు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం. నులిపురుగుల మాత్రలు వేసే రోజు, కాలవకి నీళ్లొదిలే రోజు, ఫలానా వీధిలో ఆటలమ్మ పోసిందన్న సంగతి, ఏదైనా సరే, నేను గడప దగ్గర నిలబడి చదివేవాణ్ణి. చదివి ఊరుకునేవాణ్ణి కాదు. "ఏం చదివానో చెప్పండి చూద్దాం" అనేవాణ్ణి. తిరిగి చెప్తేనే సంతకం, లేదా వేలిముద్ర. "మాకూ పరీక్షలేనా దానియేలు గారూ?" అని ఆడవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, చెప్పేవారు.

ఆ ఏడు కొత్త హెడ్‌మిస్ట్రెస్ గారొచ్చారు. మంచావిడే. వచ్చిన వారానికే వాట్సాప్ గ్రూపు పెట్టి, నా పుస్తకాన్ని బీరువాలో పెట్టించారు. "మెసేజ్ చూస్తే బ్లూ టిక్ పడుతుందండీ, నీలం గుర్తు. ఎవరు చూశారో పేర్లతో సహా తెలుస్తుంది. ఈ వయసులో మీకు ఎండలో తిరుగుడు దేనికి?" అన్నారు. జాలిపడే అన్నారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

అప్పుడే ఒక కుక్కపిల్ల మధ్యాహ్న భోజనం వేళకి బళ్లోకి రావడం మొదలెట్టింది. పిల్లలు గుడ్డు తుంచి పెట్టేవారు. మేడం గారు ప్రార్థన లైన్లో గట్టిగా చెప్పారు: "దాని దగ్గరికెళ్తే మీ అమ్మకి ఫోన్ చేస్తాను!" శనివారం అది గట్టు మీద నురగ కక్కుకుని చచ్చిపడింది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు చూసి, పిచ్చెక్కిన లక్షణమేనన్నాడు. సాయంత్రమే మేడం గారు గ్రూపులో పెట్టారు. దాని పళ్లు గానీ గోళ్లు గానీ తగిలిన పిల్లలకి వెంటనే పీహెచ్‌సీలో ఏఆర్‌వీ, అంటే కుక్కకాటు టీకా, వేయించమని.

సోమవారం ఫోన్ నాకు చూపించారు. "చూశారా, నలభై రెండు ఇళ్లూ చదివేశాయి. అందరూ నమస్కారం కూడా పెట్టారు."

వరసగా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. బడి నుంచి ఏమొచ్చినా దణ్ణం పెట్టడం మా వాళ్ల మర్యాద, అర్థమైనా కాకపోయినా. మొదటి దణ్ణం మూడో తరగతి దీవెన వాళ్లమ్మది. ఆవిడ రెండేళ్లుగా కువైట్‌లో ఇంటిపనిలో ఉంది. పిల్ల ఉండేది అమ్మమ్మ సంతోషమ్మ దగ్గర. సంతోషమ్మకి ఉన్నది బొత్తాల ఫోను. అలాంటి ఇళ్లు ఆ నలభై రెండింట్లో ఇంకా కొన్నున్నాయి. ఇదంతా నాకు తెలుసు. మాట నోటిదాకా వచ్చింది. "నన్నెవరడిగారు? వాళ్ల గుర్తులు వాళ్లనే చూసుకోనీ" అనుకుని గంట కొట్టడానికి పోయాను.

మంగళవారం భోజనాల దగ్గర దీవెన ఎడం చేత్తో అన్నం తింటోంది.

"అదేంటే, ఎడం చేత్తోనా?"

"కుడిచేతికి ముల్లు గుచ్చుకుంది తాతా."

కట్టిన గుడ్డ విప్పాను. పసుపు కింద రెండు గాట్లు.

"పక్కపక్కన రెండు ముళ్లా?"

చెయ్యి వెనక్కి లాక్కుంది. "అమ్మకి చెప్పొద్దు తాతా. మేడం ఫోన్ చేస్తానన్నారుగా. అమ్మ అక్కడ ఏడుస్తుంది."

కరిచింది గురువారం. అప్పటికి ఐదు రోజులు.

పిల్లని మేడం గారి దగ్గరికి తీసుకెళ్లి సంగతి చెప్పాను. పిల్ల చెయ్యి ఆవిడే సబ్బుతో కడిగారు. ఊడుపు చేలోంచి సంతోషమ్మని పిలిపించాను. కాళ్లకి బురదతోనే ఆటో ఎక్కింది. దారిలో ఒకే ఒక్క మాట అడిగింది. "కుక్క చచ్చిందని విన్నాను గానీ, పిల్ల ముల్లంది, నమ్మేశాను. మీరెందుకు రాలేదండీ దానియేలు గారూ? ఇలాంటివాటికి వేలిముద్రకొచ్చేవారు కదా?"

ఆటోవాణ్ణి ఇంకా జోరుగా పోనిమ్మన్నాను.

పీహెచ్‌సీలో మొదటి టీకా వేసి, రక్తం వచ్చిన గాటు కాబట్టి సీరం కూడా కావాలని రాజమండ్రి పంపారు. సీరమంటే గాయం చుట్టూనే గుచ్చే మందు. ఆ చిన్న అరచేతిలో సూది దిగుతుంటే పిల్ల పెట్టిన కేక నాకిప్పటికీ వినిపిస్తుంది.

"ఆలస్యమైపోయిందాండీ?" అనడిగాను డాక్టరు గారిని.

"ఇవాళైనా వచ్చారు. టీకాలు మాత్రం ఒక్కటీ మానకండి. చూద్దాం."

ఆ "చూద్దాం" నెలల తరబడి మోశాను. ఆ జబ్బొస్తే మనిషి నీళ్లకి భయపడతాడంటారు. రోజూ గంట కొట్టకముందు దీవెన చేత గ్లాసుడు నీళ్లు నా ఎదురుగా తాగించేవాణ్ణి. ఆఖరి గుక్క దిగాకే గంట మీద చెయ్యేసేవాణ్ణి.

శుక్రవారం సెలవు దొరికి వాళ్లమ్మ ఫోన్ చేసింది. "మెసేజ్ చూశానండీ. మా పాప కాదనుకున్నాను. ఇంట్లో చెప్పాలని తోచలేదు" అని వెక్కివెక్కి ఏడ్చింది.

మేడం గారు బీరువా తెరిచి పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. "తప్పు నాదండీ" అన్నారు. అప్పుడు సోమవారం సంగతి చెప్పాను, తెలిసీ నోరు మూసుకున్నానని. ఆవిడ పుస్తకం మళ్లీ అందుకున్నారు. అందులో పిల్లల పేర్ల పక్కన కొత్తగా ఒక గడి గీశారు: "ఇంట్లో అన్నం పెట్టేది ఎవరు?" అమ్మకి ఫోన్ చేస్తానన్న బెదిరింపు మళ్లీ ఆ బళ్లో వినలేదు.

దీవెన ఇప్పుడు హైస్కూల్లో ఉంది. ఎవరి మీద కోపంతోనైనా సరే, తెలిసిన సంగతి దాచుకుంటే దాని దెబ్బ పిల్లకి తగులుతుందని అరవయ్యో ఏట నేర్చుకున్నాను.

పుస్తకం తిరిగొచ్చాక మొదటి నోటీసు సంతోషమ్మ గడప దగ్గరే చదివాను. ఏం చదివానో చెప్పమన్నాను. పొల్లుపోకుండా చెప్పింది. చెప్పి, వేలు వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడు మీరు చెప్పండి. పుస్తకం లేకపోయినా వస్తారా?"

"వస్తాను."

"అది కూడా రాయండి."

రాశాను. కింద నేను సంతకం పెట్టాక, పక్కన వేలిముద్ర వేసింది.