సుగ్గికి ముందు విప్పిన సెంట్రింగ్

కల్లూరులో మా పక్క స్థలంలో కొత్త ఇల్లు లేస్తోంది. మొన్న పొద్దున ఆ ఇంటి కప్పు కింద సెంట్రింగ్ విప్పడం మొదలుపెట్టారు. ఇనుప రేకులు ఒక్కొక్కటే ఊడి నేల మీద పడుతున్న చప్పుడుకు చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేసి, కాంక్రీటు పోసి ఎన్ని రోజులైందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఇరవై రెండు. సరిపోతుంది. అయినా ఆ రేకులన్నీ దిగేదాకా నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళుగా ఇంతే, ఎవరింటి కప్పయినా ఇంతే.

నేను డిగ్రీ చదివింది ఆలస్యంగా. కర్నూల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేస్తూ, ఇంటర్‌తో ఆగిపోయిన చదువును ముప్పయ్యో ఏట మళ్ళీ అందుకుని, ప్రాజెక్టు మేనేజ్‌మెంటు డిగ్రీలో దూరవిద్య ద్వారా చేరాను. నా ఈడు వాళ్ళకు అలాంటి ఆదివారపు క్లాసులు గుర్తుండే ఉంటాయి. వారమంతా ఎండలో మాడిన మొహాలతో వచ్చి, పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చునేవాళ్ళం. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో గ్రాఫు కాగితం మీద అడ్డగీతలుగా గీసి, రంగు పెన్సిళ్ళతో నింపడం నేర్పారు. వాన ఎప్పుడొస్తుందో, పని ఎప్పుడు దొరుకుతుందో ఎవరికీ తెలియని కోసిగి వైపు పల్లెలో పెరిగినవాణ్ణి. రోజులను అలా గీతల్లో బంధించవచ్చని తెలిశాక నాకు వచ్చిన పొగరు ఇంతా అంతా కాదు.

ఆఖరి ఏడాది ఒక నిజమైన పనికి ప్రణాళిక వేసి, దాన్ని నడిపించి, రిపోర్టు ఇవ్వాలి. అప్పుడే మా ఊళ్ళో ప్రార్థన మందిరం కడుతున్నారు. మేస్త్రీ మా చిన్నాయన, నాన్నకు స్వయానా తమ్ముడు. పొలాల్లో పని లేని నెలల్లో ఇంటికి తాళం వేసి, లారీలెక్కి దూరపు జిల్లాలకు మిరపకాయలు కోయడానికి పోవడాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. తాపీ పట్టినందువల్ల సుగ్గికి పోనక్కరలేని కొద్దిమందిలో చిన్నాయన ఒకడు. ఆయనకున్న గర్వమంతా అదే. చర్చి సంఘంవాళ్ళు పని ఆయనకిచ్చి, పర్యవేక్షణ నాకు అప్పజెప్పారు.

కప్పు పోసిన పదో రోజుకే సుగ్గి లారీ వస్తుందని కబురొచ్చింది. కూలీలు పోతే సెంట్రింగ్ విప్పేవాళ్ళుండరు, వాళ్ళు తిరిగొచ్చేసరికి నా రిపోర్టు గడువు దాటిపోతుంది. మధ్య దూలం అంత పొడవుంటే మూడు వారాలు దాన్ని మోసే గుంజలు కదపకూడదని నా పుస్తకంలోనే ఉంది. నేను మాత్రం నా గ్రాఫులో ఆ గీతను రబ్బరుతో చెరిపి, తొమ్మిదో రోజు దగ్గర ఆపాను.

చిన్నాయన గుంజ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. “ఇంగా పచ్చిగా ఉండాదప్పా. నీ కాయితానికి తొందర గానీ, సిమెంటుకు యాడుంది తొందర? వాళ్ళను పోనీ, నేనొక్కన్నే ఈడుండి నీళ్ళు పడతా.”

తొమ్మిది రోజులు చాలని పుస్తకంలో ఉందని అబద్ధం చెప్పాను.

“పుస్తకం రాసినోడు వచ్చి ఈ కప్పు కింద నిలబడతాడంటనా?” అని ఆయన కూలీలను నవ్వించాడు. ఆ నవ్వులు ఆగాక సుత్తి తీసుకున్నాడు. చదువుకుంటున్నవాడి మాట కదా అని తీసుకున్నాడు.

సాయంత్రానికి దూలం నడుమ విరిగి సగం కప్పు కూలింది. దేవుని దయ, కింద ఎవరూ లేరు. మర్నాడు సంఘ పెద్దలు వచ్చి గుంజలు ఎవరు తీశారని అడిగితే, చిన్నాయన నా వైపు ఒక్కసారి చూసి, “నా చేతుల్తోనే తీసినా” అన్నాడు.

“ఏమప్పా, సుగ్గి లారీ పోతాదని తొందర పడినావా?” అన్నాడొక పెద్దాయన.

ఊరంతా ఆ మాటే పట్టుకుంది. మా ఊళ్ళో ఏ పని చెడినా సుగ్గి మీదికి నెట్టడం అందరికీ అలవాటే. నేను నోరు విప్పలేదు.

అంతకంటే నీచమైనది ఇంకొకటుంది. రిపోర్టులో ఆ కూలిన కప్పును దాచలేక, వలస పోయేవాళ్ళ తొందర వల్ల పనికి వచ్చే ముప్పు అంటూ ఒక అధ్యాయమే రాశాను. లెక్చరరు దాన్ని క్లాసులో చదివి వినిపించి మెచ్చుకున్నారు. మంచి మార్కులతో డిగ్రీ వచ్చింది, ఎర్రగుంట్లలో ఫ్యాక్టరీ పనుల మీదికి ఇన్‌చార్జిగా వెళ్ళాను. చిన్నాయనకు మళ్ళీ ఎవరూ కప్పు పని ఇవ్వలేదు. మరుసటి ఏడు ఆయనా చిన్నమ్మా సుగ్గి లారీ ఎక్కారు, ఆ తర్వాత ప్రతి ఏడూ ఎక్కారు.

చాలా ఏళ్ళకు, ఆయన మంచం పట్టాక, వెళ్ళి ఒప్పుకున్నాను. ఆయన గోడ వైపు తిరిగే పడుకుని, “నాకు చెప్పేదేముందప్పా, తీయమన్నది నువ్వేనని నాకు తెలీదా? మందిరంలో చెప్పు, నలుగురూ ఉన్నప్పుడు” అన్నాడు. సరేనన్నాను. ఈ ఆదివారం పని ఉంది, వచ్చే ఆదివారం పెళ్ళి ఉంది అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు.

పోయిన ఏడాది వెళ్ళి, తిరిగి కట్టిన ఆ మందిరంలో నిలబడి నా తప్పు ఒప్పుకుంటూ సాక్ష్యం చెప్పాను. ఆ రోజు నిలదీసిన పెద్దలెవరూ ఇప్పుడు లేరు, నడివయసువాళ్ళంతా సుగ్గికి పోయి ఉన్నారు. పాస్టరు అయ్యగారు నా కోసం ప్రార్థన చేశారు. బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక కాలేజీ అమ్మాయి దగ్గరికొచ్చి, “శానా బాగా చెప్పినావు తాతా. ఆ మేస్త్రీ మన ఊరాయనేనా?” అంది.

పేరు చెప్పాను. పక్కనున్న ముసలమ్మ, “ఆయనా? మేస్త్రీ యాడమ్మా, మిరపకాయలకు పోతాండె గదా” అంది.

ఇప్పుడు మా ఊరివాళ్ళు సుగ్గికి బస్సుల్లో పోతున్నారు. ప్రాజెక్టు మేనేజ్‌మెంటు చదివే పిల్లలకు గ్రాఫు కాగితాలూ రంగు పెన్సిళ్ళూ అక్కర్లేదు, గీతలన్నీ కంప్యూటరే గీస్తుందట, గడువు దాటితే అదే ఎర్రగా చూపిస్తుందట. మా చిన్నాయన చేతిలో తాపీ ఉండేదని గుర్తున్న మనిషిని ఇక నేనొక్కణ్ణే. ఆ తాపీ జార్చినవాణ్ణీ నేనే.