ముందు జత మా బావది

మా ఇంట్లో మగవాళ్ళు ఆస్తి పంచుకున్న తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పొలం పంచుకున్నారు, మోటారు వంతులు పంచుకున్నారు, పసుపు ఉడకబెట్టే కడాయి ఒకరికి, ఆరబోసుకునే తాడిపత్రీలు ఒకరికి రాసుకున్నారు. కోసి పంచడానికి వీల్లేనిది పికప్పు బండి ఒక్కటే. మా ఆయనా, ఆయన అన్నా కలిసి కొన్న బండి అది. పెద్దమనుషులు ఒక పూటంతా మా వాకిట్లో కూర్చుని, చాయ్ మీద చాయ్ తాగి, చివరికి తేల్చిందేమిటంటే, బండి ఉమ్మడి, తోలేది తమ్ముడు, కిరాయి చెరిసగం. టైర్లు మాత్రం ముందు జత అన్నది, వెనక జత తమ్ముడిది. పెద్దవాడు కాబట్టి ముందు, చిన్నవాడు కాబట్టి వెనక. ఎవరి జత అరిగితే వాళ్ళే కొత్తవి వేయించుకోవాలి. బండి టైర్లకు అన్నదమ్ముల వరుస కట్టిన మేధావులు మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా దొరకరు. అందరూ తలలూపారు. మా ఆయన అందరికంటే ఎక్కువ ఊపాడు.

మా బండి చేసే చాకిరీ మామూలుది కాదు. పసుపు తవ్వే ముందు మడులకు నీళ్ళు పెట్టి నేలను మెత్తబరుస్తాం. మాది నల్లరేగడి. తవ్విన కొమ్ములు ఎక్కించుకోవడానికి బండి ఆ బురదలోకే దిగాలి. కాసేపటికే ఆ బురద కాళ్ళతోనే హైవే ఎక్కాలి. పసుపు అయిపోతే మక్కజొన్నలు, మక్కలు లేనప్పుడు మెండోర నుంచి చేపల పెట్టెలు. చేపల కిరాయి ఉన్న రోజు మా ఆయన ఇంటికి వస్తే ఆయనకంటే ముందు వాసన వచ్చేది. ఇట్లా రెండేళ్ళు తిరిగేసరికి నాలుగు టైర్లూ బోడిగుండ్లయ్యాయి.

అటు బురదకూ ఇటు తారుకూ పనికొచ్చే టైర్లుంటాయని, వాటిని ఆల్ టెర్రైన్ అంటారని మా ఆయన ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ఇక పూట పూటా అవే వీడియోలు. ఎవరో జీపుల వాళ్ళు మంచు కొండలెక్కుతుంటారు, వాగుల్లో దూకుతుంటారు, వెనక డప్పులు మోగుతుంటాయి. ఈయన అన్నం కలుపుతూ కలుపుతూ నోరు తెరుచుకుని చూస్తాడు. మా బండి ఎక్కే ఎత్తల్లా మా పొలం గట్టు. ఆ గట్టుకు అంత సంబరం ఎందుకో నాకు అర్థం కాలేదు. కానీ టైర్ల మాట మాత్రం నిజమే. మాకు కావలసినవి అవే.

నా భయం వేరే. పోయిన ఏడాది ఇందల్వాయి దగ్గర మక్కల లోడుతో వెళ్తున్న ఒక బండికి ముందు టైరు పగిలి డివైడరు ఎక్కి బోల్తా పడింది. వెనకే వస్తున్న మా ఆయన దిగి, ఇంకో ఇద్దరితో కలిసి ఆ డ్రైవరును బయటికి లాగాడు. మనిషి బతకలేదు. ఆ రోజు ఈయన ఇంటికి వచ్చి చేతులు ఎంతసేపు కడుక్కున్నాడో. కంచం ముందు కూర్చుని, "ఎనక టైరు పగిలితె బండి ఊగుతది, ఎట్లనో ఆపుకుంటం. ముందరిది పగిలితె స్టీరింగు మన చేతుల ఉండది" అన్నాడు. అన్నం ముట్టలేదు. ఆ మాట నా చెవుల్లో అట్లాగే ఉండిపోయింది. ఈ ఏడాది పసుపు మొదలయ్యేసరికి మా బండి ముందు ఎడమ టైరుకు లోపలి తీగలు బయటపడ్డాయి. అప్పటి నుంచి ఈయన తాళంచెవి తీసుకున్న ప్రతిసారీ, బండి తిరిగొచ్చిన చప్పుడు వినేదాకా నేను చుట్టే బీడీలు వంకరపోయేవి.

ముందు జత బావది కదా. అడగాలి. నేను అడగకూడదు. మా ఇంటి మర్యాద ప్రకారం బావ నాతో సూటిగా మాట్లాడడు, నేను ఆయనతో మాట్లాడను. నా ముందే నిలబడి, "నీ పెండ్లానికి చెప్పురా" అంటాడు. నేను గోడను చూస్తూ జవాబు చెప్పాలి. గొప్ప మర్యాద. మా ఆయన వెళ్ళి అడిగాడు. బావ బండి దగ్గరికి వచ్చి, చెప్పు కాలితో ఆ టైరును రెండుసార్లు తన్ని చూశాడు. ఆయన చేసిన పరీక్ష అంతే.

"ముందరి టైర్లకేమైందిరా? బరువంత ఎనకనె ఉంటది. ముందరియి ఊకె తిరుగుతయి. పసుపు అమ్మినంక చూద్దాం తియ్" అన్నాడు.

మా ఆయన "సరే అన్నా" అని వచ్చేశాడు. ఇందల్వాయి దగ్గర శవాన్ని లాగిన చేతులు ఈ మనిషివే. అన్న ముందు ఆ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు అసహ్యం వేసింది, దాచుకోను.

ఇక లాభం లేదని, బీడీలు చుట్టి దాచుకున్నది తీశాను. నాలుగు టైర్లూ నేనే వేయిస్తాను, ఎవరి ముందూ వెనకా నాకు అక్కర్లేదు అన్నాను. మా ఆయన కొంచెం నసిగాడు గానీ కొత్త టైర్లంటే ఆశ, బండి తీశాడు.

ఆర్మూరు బస్టాండు దాటాక ఉన్న టైర్ల దుకాణానికి వెళ్ళాం. ఆ యజమాని నన్ను చూసి కుర్చీ వేయించి, ఫ్యాను నా వైపు తిప్పించి, ఆ తరువాత నన్ను పూర్తిగా మరిచిపోయాడు. మాటలన్నీ మా ఆయనతోనే.

"పటేలా, గీ టైరు చూడున్రి. తెల్లక్షరాలు. బండి నిలవడితె జనం మర్రి మర్రి చూడాలె. పోరగాండ్లందరు గిదే ఏస్తుండ్రు."

మా ఆయన ఆ అక్షరాలను వేలితో తడిమాడు. ఆయన కళ్ళలో అంత మెరుపు మా పెళ్ళిలో కూడా నేను చూడలేదు.

"భాయ్, బస్తాలేస్తె మోస్తదా గది?" అని నేను అడిగాను.

అతను మా ఆయనకు జవాబు చెప్పాడు. "పెద్ద పెద్ద కార్లకు ఇదే పటేలా. ఫికరే అవసరం లేదు."

"మాది కారు గాదు భాయ్. పసుపు మోసే బండి. కారుకేసేది మాకెందుకు చూపిస్తున్నవ్? బరువు మోసే రకంల గీ తీరు టైరు లేదా?"

అప్పుడు తల తిప్పాడు. ఉందన్నాడు. ఉంటే ఇంతసేపు ఎందుకు దాచాడో అడగలేదు, తెలిసిందే కదా. ఆ రకంలో రెండు తెప్పించాడు. ఒకదాని మీద తొలిచిన గాళ్ళు దగ్గర దగ్గరగా, సన్నగా ఉన్నాయి. బొటనవేలు పెట్టి చూస్తే దూరలేదు. రేగడిలో రెండు అడుగులు వేస్తే చెప్పు కింద ఎంత మట్టి అంటుకుంటుందో మాకు తెలియనిది కాదు. ఆ సన్న గాళ్ళలో మట్టి కూరుకుంటే కొత్త టైరు కూడా బోడిదే అవుతుంది, చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. రెండోదానికి గాళ్ళు వెడల్పు, అంచుల్లో రబ్బరు గుబ్బలు బయటికి ఉన్నాయి, నడుమ మాత్రం తారుకు పనికొచ్చేట్టు గట్టిగా కలిసి ఉంది. అదే కావాలన్నాను.

"అక్కకు మస్తు తెలుసు పటేలా" అని యజమాని నవ్వాడు. మెచ్చుకోలు కాదది, వెటకారం. వెటకారానికి తోడు పై వరసలో దుమ్ము పట్టి పడి ఉన్న జతను దించాడు. టైరు ఎప్పుడు తయారైందో దాని పక్క భాగం మీదే అచ్చు వేసి ఉంటుందని ఇందల్వాయి తరువాత మా ఆయనే నాకు చెప్పాడు. చెప్పిన మనిషి ఇప్పుడు చూడడం లేదు, తెల్లక్షరాల టైరు దగ్గరే నిలబడ్డాడు. నేనే వంగి చూసి, పాత సరుకు వద్దు, కొత్తది తెమ్మన్నాను. నాలుగూ బిగించి, గాలి కొట్టి, అలైన్మెంటు చూసి, పాతవి బండి వెనక పడేసి ఇచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దారంతా మా ఆయన మొహం మాడ్చుకునే ఉన్నాడు.

"తెల్లక్షరాలయి ఉంటె బాగుండె" అన్నాడు ముప్కాల్ దగ్గరికి వచ్చాక.

నవ్వాలో కొట్టాలో తెలియక బయటికి చూస్తూ కూర్చున్నాను. కానీ బండి కింద కొత్త టైర్లు తారును పట్టుకుని పోతుంటే నా మనసు చాలా రోజుల తరువాత తేలికైంది. ఇంటికి వెళ్ళి కడుపునిండా తిందామనుకున్నాను.

తినలేదు. బావ వాకిట్లోనే ఉన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం దగ్గర ఆగాడు. సంతోషిస్తాడేమో అనుకున్నాను, అంత పిచ్చిదాన్ని నేను. పైసా పెట్టకుండా తన జతకు కొత్త టైర్లు వచ్చాయి కదా.

"ముందర జత నాది. నా జాగల నీ టైరు ఎట్ల పెడ్తవ్ రా?" అన్నాడు తమ్ముడితో. "ఇయ్యాల టైరు పెడ్తవ్. రేపు ముందర గూడ నాదే, బండంత నాదే అంటవ్. పెద్దమనుషుల కాడ ఒప్పుకున్నవా లేదా?"

"గట్ల కాదన్నా, పాతయి తీగలు తేలినయని..."

"తేలితె నా టైర్లు తేలినయ్. నేను చూస్కుంట. నీ పెండ్లానికి సమజ్ చెయ్యి."

గట్టు జరిపి పక్కవాడి సాలు కలుపుకున్నట్టు, నేను జానెడు రబ్బరుతో ఆయన భూమిని ఆక్రమించానట. ఇంత చిన్న బుద్ధిని ఆ పెద్ద తలకాయలో ఎలా పట్టించాడో దేవుడు. నేను గోడను చూసి చెప్పాల్సింది చెప్పాను. ఎవరూ వినలేదు. మా ఆయన బండిని మళ్ళీ తిప్పి, ఊళ్ళోని పంక్చరు దుకాణానికి తోలుకుపోయాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి వెళ్ళారు. పొద్దు గూకేలోపు వచ్చారు. ముందు ఆ తీగలు తేలిన జతే ఉంది. కొత్త జతను మా ఆయన స్వయంగా దొర్లించుకుంటూ తెచ్చి కొట్టంలో ఆనించాడు.

"అన్న చెప్పింది గూడ నిజమే గదనే. మాటంటె మాటే. ఊకె పంచాయితి ఎందుకు?" అన్నాడు.

"నీ పానం కంటె పంచాయితి ఎక్కువనా?"

కొత్త టైరు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. ఇటువంటి మనిషి కోసం నేను వేళ్ళు అరిగేలా బీడీలు చుట్టానా అనిపించింది. తిట్టాను. నోటికొచ్చిందల్లా తిట్టాను.

మరునాడు పొద్దున నిజామాబాదు మార్కెట్ యార్డుకు పోవాలి. మా పసుపూ బావ పసుపూ రెండూ ఒకే లోడు. బస్తాలు ఎక్కుతున్న కొద్దీ బండి కుంగుతుంటే నేను ఆ ఎడమ టైరునే చూస్తూ నిలబడ్డాను. తాళ్ళు బిగించారు. మా ఆయన ఎక్కి ఇంజిను స్టార్టు చేశాడు. బావ ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలుతో వచ్చాడు. వచ్చి బండి పక్క నుంచి నడుచుకుంటూ రోడ్డు వైపు పోతున్నాడు.

"నేను బస్సుల వస్త తమ్మీ. యార్డు గేటు కాడ కలుస్త. నువ్వు నడువు" అన్నాడు.

అప్పుడు నాకు వెలిగింది. ఎన్నేళ్ళుగా చూస్తున్నాను, యార్డుకు పోయిన ప్రతిసారీ ఈ మనిషి క్యాబినులో కిటికీ పక్కన కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. ఈ సీజనులో ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఒకసారి ఉక్కపోస్తుందన్నాడు, ఒకసారి మధ్యలో ఎవరినో కలవాలన్నాడు. తీగలు బయటపడ్డప్పటి నుంచి ఆయన బస్సులోనే పోతున్నాడు.

నేను గోడను చూడలేదు. ఆయన మొహంలోకే చూశాను.

"బావా, ఆగు" అన్నాను. "ముందర జత నీదే. ముందర సీటు గూడ ఖాళీగనె ఉన్నది. ఎక్కు."

బావ నన్ను చూడలేదు. "ఏందిరా నీ పెండ్లాం..." అన్నాడు తమ్ముడితో.

"నీ టైర్లకేమైంది, ఊకె తిరుగుతయి అన్నవ్ గద. నీ టైర్ల మీదనె పోతుండు నీ తమ్ముడు. నువ్వు గూడ కూసోని పో."

"బస్సుల... గాలి మంచిగొస్తది" అన్నాడు.

ఒక చెయ్యి తువ్వాలు మీదికి పోయింది. చూపు మాత్రం ఒక్క క్షణం ఆ ఎడమ టైరు మీద పడి, అక్కడి నుంచి తప్పుకుంది. అది చాలు నాకు. ఇన్నాళ్ళూ ఈ మనిషిని మూర్ఖుడనుకున్నాను. పిసినారి అనుకున్నాను. తనకేమీ తెలియక తమ్ముణ్ణి ఆ బండి మీద పంపుతున్నాడని అసహ్యించుకున్నాను. ఆయనకు తెలుసు. నాకెంత తెలుసో అంత తెలుసు. తెలిసే తాను దిగి, తమ్ముణ్ణి ఎక్కించాడు.

ఇంజిను ఆగింది. మా ఆయన కిందికి దిగాడు. నా వైపు చూడలేదు. అన్ననే చూస్తున్నాడు. నాకు అర్థమైందే ఆయనకూ అర్థమైందని ఆ మొహం చూస్తే తెలిసింది.

"అన్నా, నీ బస్సుకు టైమైతుంది. పో" అన్నాడు మా ఆయన. కొట్టం వైపు నడిచి, ఆనించి ఉన్న కొత్త టైరును రెండు చేతులతో పట్టుకున్నాడు గానీ కదిలించలేకపోయాడు. దాని మీదికే వంగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.